మోకాలెత్తు తీగలు, మూడేళ్ల లెక్క: బర్గండీ ద్రాక్ష తోటల్లో ఏడాది పని

జనవరిలో ఫ్రాన్స్‌లోని బర్గండీ కొండవాలుల మీద ముందుగా కంటపడేది పొగ. ఆకులన్నీ రాలి మోడుల్లా మిగిలిన ద్రాక్ష వరుసల మధ్య అక్కడొకరు ఇక్కడొకరు నడుం వంచి కొమ్మలు కత్తిరిస్తుంటారు. పక్కన పాత నూనె డ్రమ్మును నిలువుగా కోసి, కింద చక్రం బిగించిన తోపుడు బండి ఉంటుంది. కత్తిరించిన పుల్లల్ని అందులో వేసి అక్కడికక్కడే కాలుస్తారు. గడ్డకట్టే చలిలో చేతులు కాచుకోవడానికీ అదే మంట. ఇప్పుడు చాలామంది పుల్లల్ని కాల్చకుండా ముక్కలు చేసి నేలలోనే వదిలేస్తున్నారు. అయినా ఆ పొగ ఇంకా పూర్తిగా పోలేదు.

వైన్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ద్రాక్ష కోత, గుత్తులతో నిండిన బుట్టలు. కోత సుమారు పది రోజుల పని, ఫోటోలకు బాగుంటుంది. కానీ ఆ గుత్తులు ఎన్ని కాయాలి, ఎక్కడ కాయాలి, గాలి ఆడేలా కాయాలా లేక ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి కుళ్లాలా అన్నది చాలావరకు ఈ చలికాలపు కత్తెరే తేలుస్తుంది. బర్గండీ పనిని అర్థం చేసుకోవాలంటే కోత దగ్గర కాక ఈ పొగ దగ్గర మొదలుపెట్టాలి.

ముందు ఆ చోటు గురించి కొంత. తూర్పు ఫ్రాన్స్‌లో డిజాన్ నగరం దగ్గర మొదలై దక్షిణంగా సుమారు 50 కిలోమీటర్లు సాగే సన్నటి వాలు పేరు కోట్ డోర్. బర్గండీలో పేరున్న తోటల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి. రెడ్ వైన్‌కి పినో నువార్, వైట్ వైన్‌కి షార్డొనే. దాదాపుగా ఈ రెండు రకాల ద్రాక్షతోనే అంతా నడుస్తుంది, పైగా ఒకదానిలో ఒకటి కలపరు. ఫ్రాన్స్‌లోనే మరో వైన్ ప్రాంతమైన బోర్డోలో రెండు మూడు రకాలు కలిపి వైన్ చేస్తారు కాబట్టి ఒక రకం దెబ్బతిన్న ఏడాది మరో రకంతో కొంత సర్దుకోవచ్చు. బర్గండీలో ఆ వెసులుబాటు లేదు. సీసా మీద పెద్ద అక్షరాలతో ఉండేది పొలం పేరు. చెరువు కింది మడి, గట్టు మీది చేను అని మన ఊళ్లలో పేర్లు ఉన్నట్టే అక్కడా ప్రతి పొలం చెక్కకీ ఒక పేరు, ఒక హద్దు ఉంటాయి. వాటిని ‘క్లిమా’ అంటారు. అలాంటి 1,247 క్లిమాలను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ చెక్కలు చిన్నవి, వాటిలో వాటాలు ఇంకా చిన్నవి. సిస్టెర్షియన్ సన్యాసులు మధ్యయుగాల్లో గోడ కట్టి సాగు చేసిన క్లో ద వూజో అనే తోట సుమారు 50 హెక్టార్లు ఉంటుంది. ఫ్రెంచి విప్లవ కాలంలో చర్చి భూములు అమ్ముడుపోయాయి. ఆ తర్వాత వచ్చిన వారసత్వ చట్టం పిల్లలందరికీ సమాన వాటా ఇవ్వాలంది. కాలక్రమంలో ఆ ఒక్క తోటకే ఇప్పుడు సుమారు 80 మంది యజమానులయ్యారు. అందుకే పది హెక్టార్ల కుటుంబానికి పదిహేను చోట్ల పొలం ఉండటం, ఒక్కోచోట నాలుగైదు వరుసలే ఉండటం మామూలు. ప్రతి చెక్క ద్రాక్షనీ విడిగా కోయాలి, విడిగా పులియబెట్టాలి, విడి పీపాల్లో పెంచాలి. అంటే తోటలో ఒకచోట జరిగిన పొరపాటును మరోచోటి పంటతో కప్పిపుచ్చడానికి వీల్లేదు. అక్కడి పనిలో కనిపించే పట్టుదలకు మూలం ఇదే.

ఇక కత్తెర దగ్గరికి వద్దాం. ద్రాక్ష తీగకి ఒక స్వభావం ఉంది. నిరుడు పెరిగిన కొమ్మ మీది మొగ్గ నుంచి ఈ ఏడు వచ్చే రెమ్మలోనే గుత్తి వేస్తుంది. వదిలేస్తే ఏటేటా మొదలుకి దూరంగా పాకుతూ, బోలెడు రెమ్మలు వేసి, చప్పటి కాయలు కాస్తుంది. కోట్ డోర్‌లో ఎక్కువగా వాడే కత్తిరింపు పద్ధతికి 19వ శతాబ్దపు వైద్యుడు, వ్యవసాయ శాస్త్రవేత్త జూల్ గీయో పేరు వచ్చింది. అందులో మొక్కకి ఒక పొడుగు కొమ్మ, ఒక పొట్టి ముక్క మాత్రమే ఉంచుతారు. పొడుగు కొమ్మ మీద ఐదారు నుంచి ఎనిమిది మొగ్గలు ఉంటాయి. ఈ ఏటి పంట వాటిదే. పొట్టి ముక్క మీద రెండే మొగ్గలు. వాటి నుంచి వచ్చే రెమ్మ వచ్చే చలికాలానికి పొడుగు కొమ్మ అవుతుంది. అంటే కత్తెర పట్టినవాళ్లు ఒక్కో మొక్క ముందు నిలబడి రెండేళ్లకు సరిపడా నిర్ణయం తీసుకుంటారు.

దీని వెనక ఇంకో ఏడాది కూడా ఉంది. ఆ పొడుగు కొమ్మ మీది మొగ్గలో ఎన్ని గుత్తులు రాబోతాయో అన్నది చాలావరకు అంతకుముందు వేసవి మొదట్లోనే, తీగ పూతకొచ్చిన రోజుల్లో ఎండ ఎలా ఉందన్న దాన్నిబట్టి తయారై ఉంటుంది. నిరుటి జూన్ చల్లగా గడిస్తే ఈ ఏటి గుత్తులు తగ్గుతాయి. ఒక కొమ్మలో మూడేళ్లు కలిసి ఉంటాయన్నమాట: మొగ్గలో నిరుడు, కత్తెర కింద ఈ ఏడు, పొట్టి ముక్కలో వచ్చే ఏడు. బయటివాళ్లకి ఒకే రకంగా కనిపించే ఈ పనిని అనుభవం లేని చేతికి అప్పగించకపోవడానికి కారణం ఇదే.

కత్తిరింపు తప్పయితే ఆ ఏటితో పోదు. పెద్ద గాటు వెనక కలప ఎండిపోతుంది, రసం పారే దారి మూసుకుపోతుంది, ఆ ఎండు భాగంలోకి శిలీంధ్రాలు చేరతాయి. ‘ఎస్కా’ అనే మాను తెగులు అలా ముదిరి పాతికేళ్ల మొక్కను ఒక్క వేసవిలో చంపేయగలదు. దానికి వాడుతూ వచ్చిన సోడియం ఆర్సెనైట్ మందును విషం అన్న కారణంతో ఫ్రాన్స్ 2001లో నిషేధించింది. ఆ తర్వాత చాలామంది పాత మెళకువ వైపు తిరిగారు. గాట్లన్నీ ఒకే వైపు పడేలా, రసం దారి తెగకుండా, పెద్ద కలపను కోయకుండా కత్తిరించడమే ఆ మెళకువ. ఇది నిదానమైన పని. ఇందుకు పెట్టే ఒక్కో అదనపు నిమిషాన్నీ హెక్టారుకు ఉన్న 10,000 మొక్కలతో గుణించుకోవాలి.

అవును, హెక్టారుకి 10,000. మీటరుకో వరుస, వరుసలో మీటరుకో మొక్క. గ్రాండ్ క్రూ అనే అత్యున్నత శ్రేణి రెడ్ వైన్ తోటల్లో చాలాచోట్ల మూల దిగుబడి పరిమితి హెక్టారుకి 3,500 లీటర్లే. భాగించి చూస్తే మొక్కకి 350 మిల్లీలీటర్లు, అంటే సగం సీసా కూడా రాదు. ఏడాది పొడవునా ఒక మొక్క చుట్టూ పది పన్నెండు సార్లు మనుషులు తిరిగితే చివరికి వచ్చేది అంత.

కొమ్మలు నేలకు దగ్గరగా ఉంటాయి, గుత్తులు మోకాలి ఎత్తులో వేలాడతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ ఎ షాహీ రకం ద్రాక్ష తోటలు చూసినవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. ఇక్కడ తీగ పందిరి మీద పాకుతుంది, కోసేవాళ్లు చేతులెత్తి నిలబడి కోస్తారు. ఇంకో తేడా కూడా ఉంది. దక్కనులో తీగను నిద్రపుచ్చేంత చలి లేదు కాబట్టి ఇక్కడి రైతులు ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబరు ప్రాంతంలో ఒకసారి కాయ కోసం కత్తిరిస్తారు. బర్గండీలో ఆ పని చలికాలానిది. అక్కడ తీగ నవంబరులో నిద్రపోయి మార్చిలో లేస్తుంది. లేచిందని ఎలా తెలుస్తుందంటే, కత్తిరించిన చోట్ల నుంచి నీళ్లలాంటి రసం బొట్లు బొట్లుగా కారుతుంది. తీగ ఏడుస్తోంది అంటారు అక్కడివాళ్లు.

కత్తిరింపు పనిలో చాలా భాగం గుత్తకి నడుస్తుంది. ‘తాష్రాన్’ అని పిలిచే పనివాడు ఇన్ని హెక్టార్లని ఒప్పుకుని కత్తిరింపు, కొమ్మలు కట్టడం, మొగ్గలు తీయడం, రెమ్మల్ని ఇనుప తీగెల మధ్యకు ఎక్కించడం వరకు వరసగా చేసుకుపోతాడు. ఏ రోజు ఏ చెక్కకి వెళ్లాలో అతనికే తెలుసు. ఏళ్ల తరబడి అవే మొక్కల చుట్టూ తిరిగిన గుత్త పనివాడు యజమాని కంటే ఆ పొలాన్ని బాగా ఎరిగి ఉంటాడు. సీసా మీద అతని పేరు ఉండదు. ఉంటే బాగుండును.

ఎప్పుడు కత్తిరించాలి? మన రైతుకు కార్తెలు ఉన్నట్టు అక్కడి రైతుకు సెయింట్ల రోజులున్నాయి. జనవరి 22 సెయింట్ విన్సెంట్ రోజు, ఆయన ద్రాక్ష రైతుల రక్షకుడు. ఆ వారాంతంలో బొమ్మలు మోసుకుంటూ ఊరేగింపులు జరుగుతాయి. 1938 నుంచి ఈ పండుగను ఏటా ఒక ఊరు వంతుల వారీగా జరుపుతోంది. పూర్వం చాలామంది ఆ రోజు దాటాకే గట్టిగా కత్తెర పట్టేవారు. ‘తొందరగా కత్తిరించినా, ఆలస్యంగా కత్తిరించినా, మార్చి కత్తిరింపుకి సాటి లేదు’ అనే అర్థం వచ్చే సామెత ఫ్రెంచి రైతుల నోట నానుతూ ఉంటుంది. పొలం ఎక్కువై మనుషులు తక్కువైనవాళ్లు నవంబరు చివరలోనే మొదలుపెట్టక తప్పదు కానీ, ఆ సామెతలో అసలైన వృక్షశాస్త్రం ఉంది. ఆలస్యంగా కత్తిరించిన తీగ కొన్ని రోజులు ఆలస్యంగా చిగురిస్తుంది. ఆ కొన్ని రోజుల విలువ ఏప్రిల్‌లో తెలుస్తుంది.

ఏప్రిల్ అంటే బర్గండీలో నిద్రలేని నెల. లేత చిగురు సున్నాకి రెండు డిగ్రీలు దిగువకు పోతే మాడిపోతుంది. మొగ్గ విచ్చకముందు అదే చలిని తేలిగ్గా తట్టుకునేది. చలికాలాలు వేడెక్కుతున్న కొద్దీ తీగ ముందే లేస్తోంది. ఏప్రిల్ రాత్రుల మంచు మాత్రం అంతే తొందరగా తప్పుకోవడం లేదు. వేడి పెరిగితే మంచు బాధ తగ్గాలి కదా అనిపిస్తుంది కానీ, నిజానికి ప్రమాదం పెరిగింది. 2021 మార్చి చివర్లో వేసవిని తలపించే ఎండలు కాశాయి. మొగ్గలు విచ్చుకున్నాయి. ఏప్రిల్ 6, 7, 8 తేదీల్లో వరసగా రాత్రులు గడ్డకట్టాయి. షార్డొనే ముందు చిగురిస్తుంది కాబట్టి వైట్ వైన్ తోటలు ఎక్కువ దెబ్బతిన్నాయి.

అలాంటి రాత్రి రైతులు చేయగలిగింది తక్కువ. హెక్టారుకి 300 నుంచి 500 దాకా మైనపు కుండీలు వరుసల మధ్య పెట్టి తెల్లవారుజామున వెలిగిస్తారు. దూరం నుంచి ఆ వాలు దీపావళి రాత్రిలా ఉంటుంది, దగ్గరికి వెళ్తే మనుషుల ముఖాల్లో టెన్షన్ కనిపిస్తుంది. బర్గండీ ఉత్తరాన ఉన్న శాబ్లీ ప్రాంతంలో కొందరు తోట మీద సన్నగా నీళ్లు చల్లుతూనే ఉంటారు. నీరు మంచుగా మారేటప్పుడు కొంత వేడి వదులుతుంది. ఆ వేడి వల్ల మంచు పొర లోపల చిగురు సున్నా దగ్గరే నిలిచి బతుకుతుంది. మధ్యలో నీళ్లు ఆగాయా, చల్లకపోయిన దానికంటే ఎక్కువ నష్టం. 2017 ఏప్రిల్ చివర్లో కోట్ డోర్ రైతులు తడి గడ్డి మోపులు తగలబెట్టి వాలంతా పొగ కమ్మించారు. ఆ పొగ ఉద్దేశం వేడి పుట్టించడం కాదు. గడ్డకట్టిన చిగురు మీద ఉదయపు ఎండ నేరుగా పడితే మాడిపోతుంది, పొగ తెరలా అడ్డుపడితే మెల్లగా కరిగి బతికే అవకాశం ఉంటుంది.

అంతకు ఏడాది ముందు, 2016లో, అలాంటి తెరకు సమయం దొరకలేదు. వైట్ వైన్‌లకి శిఖరంగా చెప్పుకునే మాంట్రాషే తోటలో పంట ఎంత తగ్గిందంటే, ఏడు సంస్థలు తమ తమ వాటాల్లో మిగిలిన ద్రాక్షను ఒకేచోట కలిపి వైన్ చేశాయి. మొత్తం రెండు పీపాలు, సుమారు 600 సీసాలు వచ్చాయి. ఎవరి వరుస వారిదే అని పట్టుబట్టే ప్రాంతంలో ఏడుగురు ఒకే తొట్టి పంచుకున్నారంటే ఆ ఏప్రిల్ ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు.

ఇక్కడే తీగల ఎత్తు మళ్లీ చర్చకు వస్తుంది. నేల పగలు దాచుకున్న వేడి గుత్తులకు తగలాలనే తీగల్ని మోకాలెత్తులో పెంచుతూ వచ్చారు. చల్లటి ప్రాంతంలో పండటానికి అది సాయం. కానీ చల్లగాలి బరువైనది. మంచు రాత్రి అది వాలు దిగి నేలమట్టంలోనే నిలుస్తుంది. ఒకప్పుడు పండటం గురించే దిగులు కాబట్టి తక్కువ ఎత్తు సరైన లెక్కే. ఇప్పుడు దిగులు మారింది, మొక్కలు మాత్రం పాత లెక్క ప్రకారమే నిలబడి ఉన్నాయి. అందుకే రైతులు చేతిలో ఉన్న చిన్న మార్గాలే వాడుతున్నారు. మార్చి దాకా కత్తెర ఆపడం, కత్తిరించినా పొడుగు కొమ్మను వంచి కట్టకుండా నిటారుగా వదలడం, ఒక అదనపు కొమ్మను పూచీగా ఉంచడం లాంటివి. కొమ్మ కొసన ఉన్న మొగ్గలు ముందు విచ్చుతాయి, మొదట్లో ఉన్నవి వెనకబడతాయి. మంచు కొసల్ని తింటే మొదలు మిగులుతుంది. ఆ తర్వాత తడిగా ఉన్న రోజు చూసి కొమ్మను వంచి తీగెకు కడతారు. పొడి రోజున వంచితే విరుగుతుంది.

మే నుంచి జూలై దాకా పని పరుగులు పెడుతుంది. అక్కర్లేని మొగ్గలు గిల్లడం, రెమ్మల్ని జంట తీగెల మధ్యకు ఎక్కించడం, కొసలు కత్తిరించడం, వరుసల పైనుంచి కాళ్లు చాపుకుని నడిచే ఎత్తైన ట్రాక్టరుతో దున్నడం, మందు కొట్టడం. వీటిలో మందు గురించే ఒక మాట చెప్పాలి. 1878లో కోట్ డోర్‌లోని మెర్సో దగ్గర ఫిలాక్సెరా అనే వేరు పురుగు కనిపించింది. పాత తోటలన్నీ క్రమంగా పోయాయి, అమెరికా వేర్ల మీద అంటుకట్టిన తీగలు వచ్చాయి. దాదాపు అదే కాలంలో అమెరికా నుంచే బూజు తెగులు కూడా దిగింది. దానికి విరుగుడుగా 1880లలో బోర్డో ప్రాంతంలో మైలతుత్తం, సున్నం కలిపిన ద్రావణం పుట్టింది. మన రైతులు బోర్డో మిశ్రమం అని ద్రాక్ష, నిమ్మ, తమలపాకు తోటల్లో కొట్టేది అదే. బర్గండీలో సేంద్రియ సాగుదారులకు ఇప్పటికీ ప్రధాన ఆయుధం రాగే. కానీ రాగి నేలలో పేరుకుపోతుంది కాబట్టి యూరోపియన్ యూనియన్ ఏడేళ్లకు హెక్టారుకి 28 కిలోలని హద్దు పెట్టింది. వాన పడితే మందు కడిగేస్తుంది, మళ్లీ కొట్టాలి. 2024లాంటి ఎడతెరిపి లేని వానల ఏడాదిలో ఆ హద్దుకి లోబడి తోటను కాపాడుకోవడం ఎంత కష్టమో కోట్ డోర్ రైతులు చూశారు. సేంద్రియం అంటే మందు లేకపోవడం అనుకునేవాళ్లు ఆ వేసవిలో అక్కడి ట్రాక్టర్లు ఎన్నిసార్లు తిరిగాయో గమనించాల్సింది.

జూన్ ప్రాంతంలో పూత వస్తుంది. పూత నుంచి కోతకి సుమారు వంద రోజులన్నది పాత లెక్క. ఆ లెక్కతోనే కూలీలను కుదుర్చుకుంటారు. కోట్ డోర్‌లో కోత ఇప్పటికీ ఎక్కువగా చేతితోనే, విద్యార్థులూ వలస కూలీలూ కలిసిన గుంపులతో నడుస్తుంది. మోకాలెత్తు గుత్తుల కోసం రోజంతా వంగి ఉండాలి. రెండో రోజు నడుం నొప్పి గురించి మాట్లాడనివారు ఉండరు. చివరి బండి వచ్చాక ‘పోలే’ అనే విందుతో కోత ముగుస్తుంది.

కోత గురించి చెప్పాల్సిన అసలు విషయం దాని తేదీ. కోట్ డోర్‌లోని బోన్ పట్టణంలో కోత మొదలైన తేదీలు 1354 నుంచి రికార్డుల్లో ఉన్నాయి. 2018 వరకు ఉన్న 664 ఏళ్ల తేదీలను పరిశోధకులు 2019లో ప్రచురించారు. 1987 దాకా సగటున కోత సెప్టెంబరు 28న మొదలయ్యేది. 1988 నుంచి సగటున 13 రోజులు ముందుకు జరిగింది. వాతావరణ మార్పు గురించి ఎన్ని గ్రాఫులు చూసినా, ఆరు శతాబ్దాలు రాసుకుంటూ వచ్చిన ఈ తేదీల వరస కలిగించే నమ్మకం వేరు.

పదమూడు రోజులే కదా అనిపించవచ్చు. కానీ సెప్టెంబరు చివరి చల్లటి రాత్రుల్లో పండే కాయ వేరు, ఆగస్టు చివరి వేడి రాత్రుల్లో పండే కాయ వేరు. వేడిలో చక్కెర త్వరగా ఎక్కుతుంది, పులుపు త్వరగా పడిపోతుంది. పినో నువార్ తొక్క పలుచన, అది వేడిని సహించేది కాదు. ఒకప్పుడు వైన్ చేసే నేలమాళిగలో ముందు అడిగే ప్రశ్న చక్కెర సరిపోయిందా అని. రసంలో లీటరుకి సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాలుగా మారుతుంది. సరిపోని ఏడాది తొట్టిలో చక్కెర కలిపేవారు. ఆ పద్ధతికి శాప్తాల్ అనే ఫ్రెంచి రసాయనవేత్త పేరు పెట్టారు. ఇప్పుడు చాలా ఏళ్లలో ఆ సంచి విప్పాల్సిన పని పడటం లేదు. పులుపు పోకముందే కోయాలన్న ఆత్రం ఎక్కువైంది. ఒకప్పుడు చల్లటి తొట్టిని వెచ్చబెట్టి పులియడం మొదలయ్యేలా చూసేవారు, ఇప్పుడు తెల్లవారుజామున కోసి చల్లగది కోసం వెతుకుతున్నారు.

ద్రాక్ష లోపలికి వచ్చాక కాలం వేరే వేగంతో నడుస్తుంది. పినో నువార్ రసానికి రంగు లేదు, రంగంతా తొక్కలో ఉంది. అందుకే రెడ్ వైన్‌కి తొక్కలతో సహా తొట్టిలో వేస్తారు. పులియడం మొదలవగానే కార్బన్ డయాక్సైడ్ తొక్కలన్నిటినీ పైకి నెట్టి మందపాటి పొర కట్టిస్తుంది. దాన్ని అక్కడ టోపీ అంటారు. రోజుకి ఒకటి రెండుసార్లు ఆ టోపీని కిందికి తొక్కాలి, లేకపోతే రంగు దిగదు, పై పొర చెడుతుంది. పూర్వం మనుషులు తొట్టిలోకి దిగి కాళ్లతో తొక్కేవారు. ఇప్పటికీ కొన్నిచోట్ల అలాగే చేస్తారు. చూడటానికి సరదాగా ఉండే ఈ పనిలో ప్రాణాపాయం ఉంది. ఒక లీటరు రసం పులిసేటప్పుడు సుమారు 50 లీటర్ల వాయువు పుడుతుంది. అది గాలి కంటే బరువు, రంగూ వాసనా లేనిది, తొట్టి అంచుల్లో, నేలమాళిగ అడుగున మడుగులా నిలుస్తుంది. అందుకే పాతరోజుల్లో కొవ్వొత్తి పట్టుకుని దిగేవారు. కొవ్వొత్తి ఆరితే వెనక్కి రావాలి. ఇప్పుడు ఫ్యాన్లు, సెన్సర్లు వచ్చాయి. అయినా ఒంటరిగా దిగవద్దన్న నియమం మారలేదు. మన ఊళ్లలో పాడుబడ్డ బావుల్లో దిగి మనుషులు పోయిన సంగతులు విన్నవాళ్లకి ఈ జాగ్రత్త విడమరిచి చెప్పక్కర్లేదు.

రెండు మూడు వారాల తర్వాత తొట్టి దించి, తొక్కలు పిండి, వైన్‌ని పీపాల్లోకి ఎత్తుతారు. వైట్ వైన్ దారి వేరు. కోసిన వెంటనే పిండి, రాత్రంతా తేరనిచ్చి, పీపాలోనే పులియబెడతారు. పీపా 228 లీటర్లు, అంటే సుమారు 300 సీసాలు. ఇక్కడి నుంచి జరిగే పనిని ఫ్రెంచిలో ‘ఎల్వాజ్’ అంటారు. పిల్లల్నీ పశువుల్నీ పెంచడానికి వాడే మాటే అది. మన పెంపకం అన్న మాట దానికి చక్కగా సరిపోతుంది.

నవంబరు మూడో ఆదివారం బోన్‌లో జరిగే ఒస్పీస్ వేలం ఈ పెంపకం విలువ ఏమిటో చూపిస్తుంది. 1443లో నికొలా రొలాన్, ఆయన భార్య గిగోన్ ద సాలాన్ పేదల కోసం కట్టించిన ఆసుపత్రి అది. తరతరాలుగా దాతలు ఇచ్చిన తోటలు సుమారు 60 హెక్టార్లు దాని పేరున ఉన్నాయి. 1859 నుంచి ఆ వైన్‌ని వేలం వేస్తున్నారు. అమ్మేది సీసాలు కాదు, పీపాలు. లోపలి వైన్ వయసు రెండు మూడు నెలలు. ఇంకా మసకగా, పుల్లగా, సగం తయారైన స్థితిలో ఉంటుంది. కొన్నవాళ్లు దాన్ని తమ నేలమాళిగకు తీసుకెళ్లి ఏడాదికి పైగా పెంచుకోవాలి. ఒకే పీపాల వరుస నుంచి ఇద్దరు కొన్నా, చివరికి రెండు వేర్వేరు వైన్‌లు కావచ్చు.

చలికాలంలో నేలమాళిగ పని నిశ్శబ్దంగా ఉంటుంది కానీ ఆగదు. చెక్క రంధ్రాల గుండా వైన్ మెల్లగా ఆవిరవుతుంది, పీపా పైభాగంలో ఖాళీ ఏర్పడుతుంది. ఖాళీ అంటే గాలి, గాలి తగిలితే వైన్ పులిసి వెనిగర్ దారి పడుతుంది. అందుకే వారం పది రోజులకోసారి ప్రతి పీపా మూత తీసి, అదే పొలం చెక్క నుంచి వచ్చిన వైన్‌తో అంచుదాకా నింపాలి. పదిహేను రకాల వైన్ ఉన్న కుటుంబానికి పదిహేను రకాల నింపుడు వైన్ కావాలి. పొలాలు చిన్న చెక్కలైన ఫలితం ఇక్కడ దాకా వస్తుంది.

ఇంతలో ఇంకో పులియడం మిగిలి ఉంటుంది. పచ్చి ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. వైన్ పదును తగ్గి మెత్తబడుతుంది. ఈ బ్యాక్టీరియాకి వెచ్చదనం కావాలి. 12, 13 డిగ్రీల నేలమాళిగలో అది చలికాలమంతా ముడుచుకు పడుకుంటుంది. వసంతంలో లేస్తుంది, పీపా మూత దగ్గర చెవి పెడితే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. తోటలో తీగకి రసం ఎక్కినప్పుడు పీపాలో వైన్ కూడా కదులుతుందని పాతవాళ్లు నమ్మేవారు. కొట్టిపారేయాల్సిన నమ్మకం కాదు. నేల వేడెక్కడం తీగకీ తెలుస్తుంది, నేల కింద గదికీ తెలుస్తుంది. రెండూ ఒకే కబురుకి లేస్తాయి. ఈ మార్పు పూర్తయ్యేదాకా గంధకం వేయకూడదు, వేస్తే బ్యాక్టీరియా చస్తుంది. వేయకపోతే వైన్‌కి రక్షణ ఉండదు. ఏప్రిల్‌లో పైన చిగుళ్లకి కాపలా కాసే కుటుంబమే కింద ఈ కాపలా కూడా కాస్తుంది.

ఆ తర్వాత మడ్డి వదిలి తేరిన వైన్‌ని వేరు పీపాలోకి మార్చడం, సీసాల్లో నింపడం. మార్చడానికి చాలామంది వాతావరణ పీడనం ఎక్కువగా ఉన్న నిర్మలమైన రోజుల్ని ఎంచుకుంటారు. పీడనం తగ్గినప్పుడు వైన్‌లో కరిగిన వాయువు కొంత బయటికొచ్చి మడ్డిని కదిలిస్తుంది, పెరిగినప్పుడు మడ్డి అడుగునే ఉంటుంది. క్షీణ చంద్రుణ్ణి చూసి చేసేవాళ్లూ ఉన్నారు.

వైట్ వైన్‌లలో చాలావాటిని పదకొండు నెలలకే, కొత్త పంట రాకముందే పీపాల నుంచి తీసేస్తారు. కారణం రుచి ఒక్కటే కాదు, చోటు కూడా. కొత్త పంటకి పీపాలు కావాలి, తొట్లు కావాలి. ఎండిన చెక్క తొట్లలో కోతకి ముందు నీళ్లు పోసి ఉంచాలి, చెక్క ఉబ్బితే గాని సందులు మూసుకోవు. కోత సెప్టెంబరు చివర్లో ఉన్నప్పుడు ఈ పనులకి నెలంతా దొరికేది. 2003లో, ఆ తర్వాత 2020లో, కోత ఆగస్టులోనే మొదలైంది. ఆగస్టు అంటే ఫ్రాన్స్ మొత్తం సెలవులకి పోయే నెల. పీపాలు చేసేవాళ్లు, సీసాలు పంపేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు ఊళ్లో ఉండరు. అందుకే కొన్ని కుటుంబాలు నిరుటి వైన్‌ని సీసాల్లోకి ఎత్తే పనిని జూలైకి జరుపుకున్నాయి. అదే జూలైలో తోటలో కొసలు కత్తిరించాలి, మందు కొట్టాలి, రెమ్మలు కట్టాలి. పైనా కిందా ఒకే మనుషులు. తెల్లారి ఆరింటికి తోటలో మొదలుపెట్టి, ఎండ ముదిరాక నేలమాళిగలోకి దిగి సీసాలు నింపుతారు. సాయంత్రం మళ్లీ వరుసల్లోకి వెళ్లి ఆకాశం వైపు చూస్తారు, వడగళ్ల మబ్బు ఏమైనా కడుతోందేమోనని.